రాతప్రతికీ ఉంటాయి పుట్టుమచ్చలు

మన సర్వీసు రిజిస్టరులో మొదటి పేజీ మిత్రులందరికీ గుర్తుండే ఉంటుంది. పేరు, తండ్రి పేరు, పుట్టిన తేదీ, ఎత్తు, ఆ తరువాత ఒంటిమీది గుర్తులు. కుడి మోచేతి కింద పుట్టుమచ్చ అనో, ఎడమ మోకాలి మీద గాయపు మచ్చ అనో గుమాస్తా రాసుకుంటాడు. ఉద్యోగంలో చేరిన రోజున చొక్కా చేయి పైకి మడిచి చూపించని వాళ్ళు మనలో ఎవరుంటారు? పింఛను కాగితాల దాకా ఆ మచ్చలు మన వెంటే వచ్చాయి. ఫలానా మనిషి ఇతడే అని చెప్పటానికి పేరు ఒక్కటే చాలదని దఫ్తరుకు ఎప్పటినుంచో తెలుసు.

ఇది ఇంగ్లీషువాళ్ళు నేర్పిన పద్ధతి మాత్రమే అనుకోనక్కరలేదు. హైదరాబాదు తార్నాకలోని రాష్ట్ర ఆర్కైవ్స్‌లో షాజహాను, ఔరంగజేబుల కాలంలో దక్కను సుబాలలో రాసిన ఫారసీ దఫ్తరు కాగితాలు పెద్ద సంఖ్యలో ఉన్నాయి. వాటిలో 'అర్జ్-ఓ-చెహ్రా' అనే రకం ఒకటి. చెహ్రా అంటే ముఖం. కొలువులో చేరిన సిపాయి పేరు, తండ్రి పేరు, ఒంటిరంగు, నుదురు, కనుబొమలు, మచ్చలు రాసేవారు. అతని గుర్రానికి కూడా రంగు, గుర్తులు, వేసిన ముద్ర రాసేవారు. తనిఖీ రోజున మంచి గుర్రం బదులు బక్క గుర్రాన్ని తెచ్చి నిలబెట్టకుండా ఈ ఏర్పాటు.

మనిషికీ గుర్రానికీ చెహ్రా రాసినట్టే పాత అరబీ, ఫారసీ రాతప్రతికి కూడా చెహ్రా రాయాలి. గ్రంథాలయాల జాబితాల్లో పుస్తకం పేరు, రచయిత పేరు తరువాత వచ్చే పొడి వివరాలు (ఎన్ని ఆకులు, పేజీకి ఎన్ని పంక్తులు, ఏ లిపి, ఏ కాగితం, ఏ అట్ట) చాలామంది చదవకుండా దాటేస్తారు. నిజానికి ఆ ప్రతికి ఆనవాలు అవే. సాదీ 'గులిస్తాన్' ప్రతులు ప్రపంచంలో లెక్కలేనన్ని ఉన్నాయి. అన్నిటిలోనూ ఉన్నది ఆ గ్రంథమే. కాని ఏ రెండు ప్రతులూ ఒకటి కావు. అచ్చుపుస్తకానికీ రాతప్రతికీ ఉన్న తేడా ఇదే.

కాగితం

తొలి శతాబ్దాల ఖురాను ప్రతులు ఎక్కువగా తోలుపత్రాల మీద ఉండేవి. చైనా విద్య అయిన కాగితం తయారీ 8వ శతాబ్దంలో సమర్‌ఖండు మీదుగా పడమటికి వచ్చింది. ఆ శతాబ్దం చివరికల్లా బాగ్దాదులో కాగితం తయారయింది. ఫారసీ 'కాగజ్' మాటే మన కాగితం. దస్తా, తారీఖు, దస్తావేజు వంటి మాటలు కూడా ఆ దారినే మన భాషలోకి వచ్చాయి.

ఆ కాగితాన్ని నార, జనుము పీలికలను నానబెట్టి, దంచి చేసేవారు. తెర మీద ఎత్తి ఆరబెట్టిన తరువాత గంజి పట్టించి, నున్నని రాయితో రుద్ది మెరుగు పెట్టేవారు. అందుకే పాత ప్రతిని ఏటవాలు వెలుతురులో చూస్తే కాగితం తళతళలాడుతుంది. ఆకును దీపానికి ఎదురుగా పట్టుకుంటే తెర గీతలు కనిపిస్తాయి. తూర్పుదేశాల కాగితంలో నీటిగుర్తు ఉండదు. ఐరోపా కాగితంలో ఉంటుంది. వెనీసు నుంచి తూర్పు బజార్లకు వచ్చిన కాగితంలో మూడు నెలవంకల గుర్తు తరచుగా కనిపిస్తుంది. చివరి పేజీలో 15వ శతాబ్దపు తేదీ ఉండి, కాగితంలో 18వ శతాబ్దపు నీటిగుర్తు ఉంటే ఆ తేదీని నమ్మటానికి వీల్లేదు. అక్షరం అబద్ధం చెప్పవచ్చు గాని కాగితం చెప్పదు. మన దక్కనులో దౌలతాబాదు పక్కన కాగజీపుర అనే ఊరు చేతి కాగితానికి ప్రసిద్ధి. ఊరి పేరులోనే వృత్తి ఉంది.

పంక్తి, సిరా, లిపి

ఒక ప్రతిలో పేజీకి 17 పంక్తులుంటే దాదాపు చివరిదాకా 17 పంక్తులే ఉంటాయి. ఇది లేఖకుడి కంటి లెక్క కాదు. 'మిస్తర్' అని ఒక పనిముట్టు ఉండేది. అట్టముక్క మీద పంక్తులకు తగినట్టు దారాలు బిగించి, దానిపై కాగితం పెట్టి వేలితో నొక్కుతారు. దారం ఉన్నచోట కాగితం మీద సన్నని చార పడుతుంది. దాని వెంట రాసుకుపోతారు. అందువల్ల పంక్తుల సంఖ్య, రాత ఆక్రమించిన జాగా కొలత ఆ ప్రతికి గట్టి ఆనవాళ్ళు. ఎక్కడి నుంచో ఊడివచ్చిన విడి ఆకు ఈ ప్రతిదేనా అని తేల్చటానికి ముందు చూసేది ఈ కొలతనే.

సిరా ముఖ్యంగా రెండు రకాలు. దీపపు మసి, తుమ్మజిగురు కలిపి చేసింది ఒకటి. ఇది శతాబ్దాలు గడిచినా నల్లగానే ఉంటుంది, కాని తడి తగిలితే చెదిరిపోతుంది. మాచికాయ, అన్నభేది కలిపి చేసింది రెండవది. ఇది నీళ్ళకు తొందరగా పోదు, కాని కాలక్రమాన గోధుమరంగుకు తిరిగి కాగితాన్నే తింటుంది. శీర్షికలకు ఎర్రసిరా వాడేవారు. రాత చుట్టూ గీసే చట్రాన్ని 'జద్వల్' అంటారు. అందులో రాగి చిలుముతో చేసిన ఆకుపచ్చ గీత ఉంటే అది కాగితాన్ని కోసేస్తుంది. అప్పుడు కిటికీ చట్రంలోంచి అద్దం ఊడినట్టు రాత ఉన్న భాగం మొత్తం అంచు నుంచి విడిపోతుంది.

లిపి కూడా కాలాన్ని పట్టిస్తుంది. పాత ఖురాను ప్రతులది కోణాలు తిరిగిన కూఫీ లిపి. బాగ్దాదులో వజీరుగా పనిచేసిన ఇబ్న్ ముఖ్లా (మరణం 940) కలం పాళీతో పెట్టిన చుక్కనే కొలతగా చేసుకుని అక్షరాల పొడవులను క్రమబద్ధం చేశాడని ప్రతీతి. గుండ్రంగా, తేటగా ఉండేది నస్ఖ్. ఫారసీ కావ్యాలకు పేరుపడిన నస్తాలీఖ్ 14వ శతాబ్దం చివర్లో రూపు దిద్దుకుంది. కాబట్టి చక్కని నస్తాలీఖ్‌లో రాసిన ప్రతిలో 12వ శతాబ్దపు తేదీ ఉంటే అనుమానించాలి. ఇక దఫ్తరు లిపి షికస్తా. ఆ మాటకు విరిగినది అని అర్థం. చుక్కలు వదిలేసి, అక్షరాలను గొలుసులా కలిపేసి గుమాస్తాలు రాసిన వేగపు రాత అది. దస్తూరి ఎందుకు పాడవుతుందో మన సంఘం సభ్యులకు వివరించనక్కరలేదు.

పేజీల వరుస

పాత ప్రతుల్లో పేజీ అంకెలు చాలావరకు ఉండవు. ఉన్నా తరువాతి వాళ్ళు వేసినవే ఎక్కువ. వరుస తెలియటానికి కుడి పక్క పేజీ అడుగున, ఎడమ మూలకు, తరువాతి పేజీలో మొదటగా రాబోయే మాట రాసి పెట్టేవారు. దీన్ని 'రికాబ్' అంటారు. అంటే గుర్రపు జీనుకు వేలాడే పాదం ఆనే వలయం. కాలు అందులో పెట్టి పైకెక్కినట్టు ఈ మాట పట్టుకుని తరువాతి పేజీకి వెళ్ళాలి. అడుగున ఒక మాట ఉండి, పక్క పేజీ వేరే మాటతో మొదలైతే మధ్యలో ఆకు పోయిందనో, బైండరు వరుస తప్పించాడనో అర్థం. ఒక్క అక్షరం చదివి అర్థం చేసుకోలేనివాడు కూడా రెండు మాటల ఆకారాలను పోల్చి ఈ తనిఖీ చేయవచ్చు.

మొదలు, చివర

గొప్పవారి కోసం రాసిన ప్రతుల్లో మొదటి ఆకు మీద 'షమ్సా' అనే సూర్యబింబం లాంటి బంగారు వృత్తం, రాత మొదలయ్యేచోట రంగుల శీర్షపట్టీ ఉంటాయి. ముగింపు రాత మాత్రం చాలాచోట్ల పంక్తి పంక్తికీ కురచనవుతూ కిందికి మొన తేలిన త్రికోణంలా ఉంటుంది. లేఖకుడి పేరు, ఊరు, తారీఖు దొరికితే అక్కడే దొరకాలి.

తారీఖు దగ్గర జాగ్రత్త అవసరం. ఫసలీకి 590 కలిపితే క్రీస్తుశకం వస్తుందని రెవెన్యూలో పనిచేసినవారికి కంఠతా వచ్చు. హిజ్రీకి ఆ సౌకర్యం లేదు. అది చంద్రుని లెక్క. సూర్యుని ఏడాది కన్నా దాదాపు 11 రోజులు తక్కువ. గోల్కొండ మొగలుల వశమైన హిజ్రీ 1098 అంటే 1686 నవంబరు నుంచి 1687 నవంబరు దాకా. తేడా 588. నేడు ఆ తేడా 578 లేదా 579 మాత్రమే. కాలక్రమాన తరుగుతూ వచ్చే తేడాను ఒకే అంకెగా పట్టుకుంటే తొమ్మిది పదేళ్ళు తప్పుతాము.

మొదటి, చివరి ఆకుల మీద మొహర్లు ఉంటాయి. కుతుబ్‌షాహీ సుల్తానుల గ్రంథాలయ ముద్ర ఉన్న పుస్తకం మీదే 1687 తరువాత మొగలుల ముద్ర కూడా పడి ఉండవచ్చు. మొగలు గ్రంథపాలకులు తనిఖీ చేసినప్పుడల్లా 'అర్జ్ దీదా షుద్' అని, అంటే చూడటమైనది అని రాసి తేదీ వేసేవారు. ధర కట్టి రాసిన సందర్భాలూ ఉన్నాయి. మన స్టాకు వెరిఫికేషను సర్టిఫికెట్టు లాంటిదే. పుస్తకం ఎవరి చేతి నుంచి ఎవరి చేతికి వెళ్ళిందో చెప్పేవి ఈ ముద్రలు, ఈ తనిఖీ రాతలే.

ఆ ఆకుల మీదే 'యా కబీకజ్' అని రాసి ఉండటం కూడా చూస్తాము. పురుగులు తినకుండా కాపాడమని చేసే వేడికోలు. ఆ మాట పైనుంచే పురుగు తొలిచిన ప్రతులూ లేకపోలేదు.

అట్ట

తోలు అట్టకు మధ్యన బాదంకాయ ఆకారంలో 'తురంజ్' అనే ముద్ర అద్దేవారు. వెనుక అట్టకు ఒక మడత ఉండి, అది పుస్తకం అంచును కప్పుకుంటూ ముందు అట్ట కిందికి దూరుతుంది. అరబీలో దీని పేరు నాలుక. మన పుస్తకాల్లో అట్ట ఆకులకన్నా కొంచెం బయటికి ఉంటుంది. వాటిలో అట్ట, ఆకులు సమంగా ఉంటాయి. పుస్తకాన్ని బల్లమీద పడుకోబెట్టేవారు గాని నిలబెట్టేవారు కాదు. అందుకే పేరు వెన్ను మీద కాక చాలాసార్లు అడుగు అంచున రాసి ఉంటుంది.

బాగు చేస్తామని ఇటువంటి పుస్తకాలను కొత్త పద్ధతిలో బైండు చేసినప్పుడు అసలు నష్టం జరిగింది. నాలుక పోయింది. అంచులు కత్తిరిస్తే అంచున రాసిన వ్యాఖ్యలు, అడుగు మూలలోని మాటలు సగం తెగిపోయాయి. చినిగిందని మొదటి ఆకు తీసేస్తే దానితోపాటు మొహర్లు పోయాయి. గ్రంథం ఉంది, గ్రంథచరిత్ర పోయింది.

ఒక షానామా కథ

చెహ్రా ఎందుకు రాయాలో తెలియటానికి ఒక్క ఉదాహరణ చాలు. 16వ శతాబ్దంలో ఇరాను రాజు షా తహ్మాస్ప్ ఆస్థానంలో ఫిర్దౌసీ షానామాకు ఒక ప్రతి తయారయింది. ఆకులు 759, చిత్రాలు 258. దాన్ని 1568లో తుర్కీ సుల్తాను రెండవ సలీముకు కానుకగా పంపారు. చేతులు మారి మారి 1959లో అమెరికా ధనికుడు ఆర్థర్ హౌటన్ దగ్గరికి చేరింది. ఆయన దాన్ని విడదీసి, చిత్రాలున్న ఆకులను కొన్ని దానమిచ్చాడు, కొన్ని అమ్మాడు. నాలుగు వందల ఏళ్ళు ఒక్కటిగా ఉన్న పుస్తకం కొన్నేళ్ళలో చెదిరిపోయింది. 1981లో డిక్సన్, వెల్ష్ అనే ఇద్దరు పండితులు రెండు సంపుటాల్లో ఆ ప్రతి వివరాలను, చిత్రాలను ప్రచురించారు. ఏ ఆకు ఎక్కడిదో ఈనాడు వరుసగా చెప్పగలగటానికి అదే ఆధారం. 1994లో మిగిలిన ఆకులు, 118 చిత్రాలతో సహా, ఒక ఆధునిక వర్ణచిత్రానికి మారుగా ఇరానుకు తిరిగి వెళ్ళాయి. 2011లో లండను వేలంలో ఒక్క ఆకు 74 లక్షల పౌండ్లు పలికింది. రాజుల పుస్తకం గనుక పండితులు వచ్చి వివరాలు రాశారు. చెహ్రా రాయని మామూలు పుస్తకం ఆకులుగా చెదిరితే వెతికేవాడికి ఆధారమే ఉండదు.

మన వంతు

హైదరాబాదులో సాలార్‌జంగ్ మ్యూజియంలోనూ, 1891లో ప్రారంభమైన ఆసఫియా గ్రంథాలయం నుంచి ప్రాచ్య లిఖిత గ్రంథాలయానికి వచ్చిన సంపదలోనూ ఇటువంటి ప్రతులు వేలల్లో ఉన్నాయి. వాటికి జాబితాలున్నాయి. ఇళ్ళలో ఉన్నవాటికి లేవు. 1880ల దాకా నిజాం దఫ్తరు భాష ఫారసీ కావటం వల్ల ముస్లిం కుటుంబాల్లోనే కాక దేశ్‌ముఖ్, దేశ్‌పాండ్య, పట్వారీ కుటుంబాల పెట్టెల్లో కూడా ఈ కాగితాలుంటాయి. చదవటం రాదు గనుక పనికిరావని పారేసేవారున్నారు. కాపాడుదామని లామినేషను చేయించి, తిరిగి తీయటానికి వీలులేకుండా చేసేవారూ ఉన్నారు.

మిత్రులకు నా మనవి ఇది. ఇంట్లో అటువంటిది ఏదైనా ఉంటే టేపు అంటించవద్దు, అంచు కత్తిరించవద్దు, పాత అట్ట పారేయవద్దు. ఎండలో పెట్టవద్దు. శుభ్రమైన నూలుగుడ్డలో చుట్టి పొడిచోట ఉంచండి. తరువాత ఒక తెల్లకాగితం తీసుకుని ఆకులెన్ని, పొడవు వెడల్పులెంత, పేజీకి పంక్తులెన్ని, సిరా రంగేమిటి, మొహర్లు ఎన్ని, ఎక్కడ పురుగు తిన్నది, ఎక్కడ చినిగింది, ఎవరి నుంచి ఎవరికి వచ్చింది అన్నది రాసి, తేదీ వేసి సంతకం చేయండి. ఈ పనికి ఫారసీ రానక్కరలేదు. ఒక స్కేలు, కొంచెం ఓపిక చాలు. చదవగలిగినవాడు ఎప్పుడో ఒకనాడు వస్తాడు. అతడు వచ్చేనాటికి ప్రతి ఉండాలి, అది ఆ ప్రతే అని చెప్పే కాగితం కూడా ఉండాలి.