ప్రసారమునకు తగని పాటలు: చార్లీ గార్సియా సంగీత జీవితము

దక్షిణ అమెరికాలోని అర్జెంటీనా దేశమున, రేడియో ప్రసారములను పర్యవేక్షించెడి ప్రభుత్వ సంఘము వారి పాత దస్తరములలోనుండి 2009లో ఒక జాబితా బయటపడినది. 1969 మొదలు 1982 వరకు, సాహిత్యము ప్రసారమునకు తగనిదని రేడియో కేంద్రములకు తెలియపరచిన పాటల పట్టిక అది. అందు రెండు వందలకు పైగా పాటలున్నవి. వానిలో ఒకదాని పేరునకు ‘శుక్రవారము తెల్లవారుజామున మూడు గంటలు’ అని అర్థము. దానిని వ్రాసి స్వరపరచినవాడు చార్లీ గార్సియా.

రేడియో ముందు కూర్చుండి పాటలు వినువారికి వినిపించిన పాట మాత్రమే తెలియును. వినిపించకుండ ఆపిన పాట ఒకటి యున్నదన్న అనుమానమైనను కలుగదు. గార్సియా పాటలు ఈ రెండు గతులను అనుభవించినవి. ఒకప్పుడు రేడియో వానికి తలుపు మూసినది. మరొకప్పుడు అదే ప్రభుత్వము కాలములో, తన అవసరము కొరకు, తలుపు బార్లా తెరచినది. ఆ వృత్తాంతమునే మేమిక్కడ ముఖ్యముగా చెప్పదలచితిమి.

గార్సియా 1951 అక్టోబరు 23న బ్యూనస్ ఎయిర్స్ నగరమున జన్మించినాడు. చిన్నతనముననే పియానో ముందు కూర్చుండినాడు. ఏ ధ్వని చెవిని బడినను అది ఏ స్వరమో తడుముకొనకుండ చెప్పగల శక్తి ఆ పిల్లవానికి పుట్టుకతో వచ్చినది. పన్నెండేండ్ల వయస్సునకే పియానో బోధించుటకు యోగ్యతాపత్రము పొందినాడు. శాస్త్రీయ సంగీత విద్వాంసుడగునని ఇంటివారు తలచుచుండగా బీటిల్స్ బృందము వారి పాటలు అతని చెవిని బడినవి. అటుపిమ్మట దారి మారినది. అయినను బాల్యమున నేర్చిన విద్య వృథా పోలేదు. గిటారుల మోతకు పేరుపడిన రాక్ సంగీతములో పియానోను నడిమింట నిలిపినవారిలో ఆయన ముఖ్యుడు.

నీతో మెస్త్రె అను మిత్రునితో కలిసి ఆయన నెలకొల్పిన ‘సూయీ హెనెరిస్’ బృందము తొలి రికార్డు 1972లో వెలువడినది. లేత గొంతులు, సుకుమారమైన వరుసలు, పాఠశాల ముగించుకొని లోకములోనికి అడుగిడు పిల్లల దిగులు. ఇవి ఆ పాటల గుణములు. మూడవ రికార్డు నాటికి, అనగా 1974లో, కవి చూపు ఇంటినుండి వీధికి మళ్లినది. సైన్యము, న్యాయస్థానము, కుటుంబము మొదలగు సంస్థలే అందులో వస్తువు. రికార్డునకు ‘సంస్థలు’ అని మాత్రమే పేరు పెట్టదలచిరి. అది మరీ సూటిగా నున్నదని జంకి ‘సంస్థలను గూర్చి చిన్న చిన్న ముచ్చట్లు’ అని సాగదీసిరి. రెండు పాటలు తొలగింపబడినవి. కొన్నింటి మాటలు మార్చబడినవి. అప్పటికింకను సైనిక ప్రభుత్వము రాలేదు సుమా! ఎన్నికైన ప్రభుత్వము ఏలుచుండగనే పాటకు ఈ అవస్థ పట్టినది.

1975 సెప్టెంబరు 5న లూనా పార్క్ అను విశాలమైన భవనములో ఆ బృందము వీడ్కోలు కచేరీ చేసినది. ఒకే రాత్రి రెండుమార్లు పాడవలసివచ్చినది. ఇరువది వేలకు పైబడి జనము వచ్చిరి. బృందము ఉచ్చస్థితిలో నున్నప్పుడే విడిచిపెట్టి, మరియొకటి మొదలుపెట్టుట గార్సియాకు అలవాటైనది. 1972 నుండి 1981 వరకు పదేండ్లలో నాలుగు వేర్వేరు బృందములతో పది రికార్డులు! సభలలో పాడగా ముద్రించినవి ఈ లెక్కలోనికి రావు.

1976 మార్చి 24న సైన్యాధిపతులు రాజ్యము చేజిక్కించుకొనిరి. తరువాతి ఏడేండ్లలో మనుష్యులు వీధులనుండి, ఇండ్లనుండి ఎత్తుకొనిపోబడి తిరిగి రాలేదు. పిమ్మట వచ్చిన ప్రభుత్వము నియమించిన విచారణ సంఘము 8,960 మంది అదృశ్యులైనట్లు నమోదు చేసినది. మానవ హక్కుల సంఘములు చెప్పు లెక్క 30,000. అట్టి కాలమున ఉన్నదున్నట్లు పాడుట ప్రాణాపాయము.

అప్పుడు గార్సియా పట్టిన మార్గమును మన ఆలంకారికులైనచో అన్యాపదేశమందురు. డేవిడ్ లెబోన్, పెద్రో అజ్నార్, ఆస్కార్ మోరో అను ముగ్గురితో కలిసి 1978లో ఆయన ‘సెరూ హిరాన్’ బృందమును ఆరంభించినాడు. ఆ బృందము 1980లో ఆలిస్ అను బాలిక పేర ఒక పాట వెలువరించినది. వినుటకు అది ఆంగ్ల బాలల కథలోని విచిత్ర లోకమే. తాబేలు, సముద్రపు జంతువు, మాంత్రికుడు మొదలగువారే అందలి పాత్రలు. అయితే మెల్లగా పనిచేయునని తాబేలను ఎగతాళి పేరు పడిన దేశాధ్యక్షుడొకడు, మీసముల వలన సముద్రపు జంతువు పేరు పొందిన సేనాని యొకడు, మాంత్రికుడని పిలువబడిన మంత్రి యొకడు ఆ దేశ చరిత్రలో నిజముగనే ఉండిరి. శ్రోతలు గ్రహించిరి. అధికారులకు ఆక్షేపించుటకు అక్షరము దొరకలేదు. ఆక్షేపించినచో ఆ తాబేలెవరో తామే విప్పి చెప్పవలసివచ్చును గదా!

ఇక 1982వ సంవత్సరము. ఏప్రిల్ 2న సైనిక ప్రభుత్వము మాల్వినాస్ దీవులను ఆక్రమించినది. ఆంగ్లేయులు వానిని ఫాక్‌లాండ్ దీవులందురు. బ్రిటన్‌తో యుద్ధము మొదలైనది. శత్రువు భాషలోని పాటలు రేడియోలో వినిపించరాదని కట్టడి వచ్చినది. రేడియో కేంద్రములకు చిక్కు వచ్చిపడినది. యువజనులకు వినిపించవలసిన పాటలలో అధిక భాగము ఆంగ్లమే. ఖాళీ యైన ఆ గంటలను దేనితో నింపవలెను? నిన్నటిదాక అనుమానపు చూపులు చూచిన స్పానిష్ రాక్ పాటలతోనే నింపిరి. రాక్ అనునదే ఆంగ్ల దేశములనుండి వచ్చిన బాణీ యన్నమాట అప్పుడెవరికిని అడ్డు రాలేదు. నెలల వ్యవధిలో ఈ గాయకులు మారుమూల పల్లెలలోని రేడియో పెట్టెలకు గూడ చేరిరి.

మే 16న బ్యూనస్ ఎయిర్స్‌లో పెద్ద కచేరీ జరిగినది. గార్సియా అందు పాల్గొన్నాడు. ప్రవేశ రుసుము లేదు. సైనికుల కొరకు దుప్పట్లు, బట్టలు, ఆహారము తెచ్చియిచ్చినవారు లోనికి పోయిరి. గాయకులు శాంతిని కోరి పాడిరి. ప్రభుత్వము దానిని తనకు మద్దతుగా చూపుకొనినది. ఇందుకై గాయకులను తప్పుపట్టినవారు నాడును నేడును ఉన్నారు. ఆ నింద పూర్తిగా నిరాధారమని మేమనజాలము. కాని చలిలో వణకుచు పోరాడుచున్న సైనికులలో పలువురు పద్దెనిమిది, పందొమ్మిదేండ్ల నిర్బంధ సైనికులు. ఈ పాటలు వినుచు పెరిగినవారే. వారి కొరకు దుప్పటి యడిగిన గాయకుని దోషియనుటకు మాకు మనసొప్పదు. జూన్ 14న యుద్ధము ఓటమితో ముగిసినది. అర్జెంటీనా పక్షమున 649 మంది మరణించిరి.

ఆ సంవత్సరమే డిసెంబరు 26న గార్సియా ఫెర్రో క్రీడా మైదానమున తన సొంత పేరుతో పాడినాడు. వేదిక వెనుక నగరమొకటి నమూనాగా కట్టబడినది. బ్యూనస్ ఎయిర్స్ మీద బాంబులు వేయవద్దని వేడుకొను పాటతో కచేరీ ముగియుచుండగా ఆ బొమ్మ నగరము బాణసంచా దెబ్బలకు కూలిపోయినది. పిమ్మట ఆయన న్యూయార్కు వెళ్లి, యంత్రవాద్యముల కొత్త పోకడలను తెలిసికొని, ‘క్లిక్స్ మొదెర్నోస్’ అను రికార్డు చేసికొనివచ్చినాడు. నాట్యమునకు అనువైన ఆ రికార్డులో ‘రాక్షసిబల్లులు’ అను నెమ్మదైన పాట యొకటి యున్నది. పేటలోని స్నేహితులు మొదలు ఎవరెవరు మాయము కావచ్చునో అందు వరుసగా చెప్పబడును. ఆ వరుసలో రేడియో గాయకులును ఉన్నారు. 1983 నవంబరులో, ఎన్నికలు జరిగి కొత్త అధ్యక్షుడింకను పదవి స్వీకరింపకముందే, ఆ రికార్డు విడుదలయైనది. అన్యాపదేశము ఇంకను మిగిలియే యున్నది గాని, ఈసారి రాక్షసిబల్లులెవరో అడుగవలసిన పని ఎవరికిని లేకపోయినది.

తరువాతి చరిత్ర దీర్ఘమైనది; మేము త్వరగా దాటుచున్నాము. 1990లో జాతీయ గీతమును తన పద్ధతిలో పాడి రికార్డులో చేర్చగా వ్యాజ్యము నడిచి, చివరకు వీగిపోయినది. అనారోగ్యము, దుడుకు చేష్టలు, వార్తాపత్రికల రచ్చ చాలకాలము సాగినవి. 2009లో తన పుట్టినరోజున, ఎడతెగని వానలో తడియుచున్న జనసమూహము ఎదుట ఆయన మరల నిలిచి పాడినాడు. 2024లో, డెబ్బది రెండేండ్ల వయస్సున, మరియొక కొత్త రికార్డు వెలువరించినాడు. అందు ఒక పాటలో, 2012లో మరణించిన మిత్రుడు లూయిస్ ఆల్బెర్తో స్పినెత్తా గొంతు ఆయన గొంతుతో కలిసి వినిపించును.