ఆరోగ్య కేంద్రాల పనితీరు మెరుగుదల

ఆరోగ్య కేంద్రాల పనితీరు మెరుగుదల అనగా ఉప కేంద్రము, ప్రాథమిక ఆరోగ్య కేంద్రము, సామాజిక ఆరోగ్య కేంద్రము వంటి సంస్థలలోని సిబ్బంది తమ సేవలలోని లోటును తామే కొలిచి, కారణమును గుర్తించి, సరిదిద్దుకొను విధానము. ఇది తనిఖీకి భిన్నమైనది. తనిఖీలో పై అధికారి వచ్చి లోపమును పట్టుకొనును. ఇందులో ఏ.ఎన్.ఎం., స్టాఫ్ నర్సు, ఫార్మసిస్టు, ల్యాబ్ టెక్నీషియను తమ పనిలోని లోపమును తామే కనుగొను నేర్పును అలవరచుకొనవలెను. ఈ నేర్పు ఎంతవరకు ఉన్నదో అంచనా వేయుట, లేనిచోట పెంపొందించుట ఈ విధానములోని ముఖ్య భాగాలు.

చరిత్ర

ఈ ఆలోచన ఆసుపత్రులలో కాక కర్మాగారాలలో పుట్టినది. అమెరికాకు చెందిన వాల్టర్ షూహార్ట్, ఎడ్వర్డ్స్ డెమింగ్‌ల భావాలు రెండవ ప్రపంచ యుద్ధము తరువాత జపాను పరిశ్రమలలో వేళ్ళూనుకున్నవి. "ప్రణాళిక - ఆచరణ - పరిశీలన - సవరణ" అను నాలుగు దశల చక్రము వారి నుండి వచ్చినదే. భారతదేశములో నాణ్యతా వలయాలు (క్వాలిటీ సర్కిల్స్) మొదట 1980లో హైదరాబాదు సమీపములోని రామచంద్రాపురం బి.హెచ్.ఇ.ఎల్. కర్మాగారములో ఏర్పడినవి. 1982లో సికింద్రాబాదు కేంద్రముగా క్వాలిటీ సర్కిల్ ఫోరం ఆఫ్ ఇండియా స్థాపించబడినది. విశాఖ ఉక్కు కర్మాగారములో కూడా కార్మికులు ఇటువంటి వలయాలుగా ఏర్పడి తమ విభాగపు సమస్యలను పరిష్కరించుకొను పద్ధతి ఉన్నది.

ప్రభుత్వ వైద్యరంగమునకు ఇది ఆలస్యముగా చేరినది. 2005లో జాతీయ గ్రామీణ ఆరోగ్య మిషన్ ప్రారంభమైన తరువాత 2007లో ఆరోగ్య కేంద్రాలకు భారత ప్రజారోగ్య ప్రమాణాలు వెలువడినవి. అయితే ఇవి ప్రధానముగా గదులు, పరికరాలు, సిబ్బంది సంఖ్యకు సంబంధించినవి. అందిన సేవ ఎట్లున్నది అను ప్రశ్నకు ప్రాధాన్యము లభించినది 2013లో వచ్చిన జాతీయ నాణ్యతా హామీ ప్రమాణాలతోనే. తరువాత 2015లో పరిశుభ్రతకు "కాయకల్ప్", 2017లో ప్రసూతి గదులకు "లక్ష్య" పథకాలు వచ్చినవి.

అంచనా వేయు పద్ధతి

జాతీయ నాణ్యతా హామీ ప్రమాణాలలో ఎనిమిది అంశాలు ఉన్నవి: సేవల లభ్యత, రోగుల హక్కులు, వనరులు, సహాయక సేవలు, వైద్య సేవలు, అంటువ్యాధుల నియంత్రణ, నాణ్యతా నిర్వహణ, ఫలితాలు. ప్రతి పరీక్షాంశమునకు 0, 1 లేక 2 మార్కులు ఇస్తారు. ప్రత్యక్షముగా చూచుట, సిబ్బందిని అడుగుట, రికార్డులు పరిశీలించుట, రోగిని అడుగుట అను నాలుగు మార్గాలలో సమాచారము సేకరిస్తారు. ధ్రువపత్రమునకు అవసరమగు షరతులలో మొత్తము మీద 70 శాతము మార్కులు రావలెననునది ఒకటి. ధ్రువపత్రము మూడేళ్ళు చెల్లును.

కాయకల్ప్‌లో మూడు దశలు ఉన్నవి. మొదట సొంత సిబ్బంది, తరువాత పొరుగు కేంద్రపు సిబ్బంది, చివరకు బయటి నిపుణులు మార్కులు వేస్తారు. వీటిలో రెండవ దశ నేర్చుకొనుటకు మిక్కిలి ఉపయోగకరము. ఇతరుల కేంద్రములో తప్పు వెదకిన నర్సు తన కేంద్రమును కొత్త కంటితో చూడగలదు.

నైపుణ్యాల పెంపు

తెలియుట వేరు, చేయగలుగుట వేరు. పుట్టిన బిడ్డ ఏడవనిచో మొదటి నిమిషములోనే శ్వాస అందించవలెనని వ్రాత పరీక్షలో అందరూ వ్రాయగలరు. బొమ్మపై బ్యాగు, మాస్కుతో చేసి చూపమన్నప్పుడే అసలు సంగతి బయటపడును. 2009లో ప్రారంభమైన నవజాత శిశు సురక్షా కార్యక్రమము ఈ శిక్షణ కొరకే ఏర్పడినది. అయితే ఒకసారి నేర్చిన చేయి అభ్యాసము లేనిచో మరచిపోవును. కాన్పులు తక్కువగా జరుగు చిన్న కేంద్రాలలో ఈ చిక్కు మరింత ఎక్కువ. అందుచేత ఒకేసారి జరిపే పెద్ద శిక్షణ కంటె తరచుగా, పనిచేయు చోటనే జరుపు కొద్దిపాటి సాధన మేలు.

కారణము వెదకుట మరొక నైపుణ్యము. టీకాలు 2 నుండి 8 డిగ్రీల సెల్సియస్ మధ్య ఉండవలెను, ఫ్రిజ్ ఉష్ణోగ్రతను రోజుకు రెండుసార్లు నమోదు చేయవలెను. ఆదివారపు గళ్ళు ఖాళీగా ఉన్నచో "సిబ్బంది నిర్లక్ష్యము" అని వ్రాయుట సులభము. ఆ రోజు తాళము ఎవరి వద్ద ఉన్నది, కరెంటు పోయిన ఎవరికి తెలియును అని అడుగుతూ పోయినచో సరిదిద్దదగిన కారణము దొరకును.

సబ్బవరం ప్రాంతము

సబ్బవరం మండలము 2022 ఏప్రిల్ 4న విశాఖపట్నం జిల్లా నుండి కొత్తగా ఏర్పడిన అనకాపల్లి జిల్లాలో చేరినది. పొరుగునున్న పెందుర్తి మండలము విశాఖపట్నం జిల్లాలోనే ఉన్నది. పనితీరును కొలుచుటలో ఈ మార్పు చిన్నది కాదు. 2022కు ముందు, తరువాతి జిల్లా అంకెలను నేరుగా పోల్చరాదు, మండలముల వారీగా విడదీసి మాత్రమే చూడవలెను. అట్లే ఇక్కడి గర్భిణి అనకాపల్లి ఆసుపత్రికి పోవచ్చును, విశాఖపట్నంలోని కింగ్ జార్జి ఆసుపత్రికీ పోవచ్చును. పంపిన తరువాత ఆమె ఏమైనదో పంపిన కేంద్రమునకు తిరిగి తెలియనిచో, ఆ నిర్ణయము సకాలములో జరిగినదా లేదా అనునది ఎప్పటికీ తేలదు.

2019 అక్టోబరు 2న ఆంధ్ర ప్రదేశ్‌లో గ్రామ సచివాలయాలు ఏర్పడి, వాటికి ఏ.ఎన్.ఎం.లు నియమింపబడిన తరువాత గ్రామ స్థాయి సమాచారము బాగా పెరిగినది. ఆ సమాచారమును పైకి పంపుటతో సరిపెట్టక, గ్రామములోనే చదువుకొని వాడుకొనుట ఇంకొక మెట్టు.

ఇబ్బందులు

మార్కులకు బహుమతి, తక్కువైనచో మందలింపు ఉన్నచోట రికార్డు అందముగా తయారగును. నొప్పుల సమయములో ఎప్పటికప్పుడు గుర్తించవలసిన పార్టోగ్రాఫ్‌ను కాన్పు అయిన తరువాత నింపుట దీనికి పేరుపడిన ఉదాహరణ. కాగితముపై అది లోపము లేనిది, కాని కాన్పు ఆలస్యమగుచున్నదని ఆ గీత హెచ్చరించవలసిన ఘడియ దాటిపోయి ఉండును. హిమోగ్లోబిన్ పరీక్షల సంఖ్య లెక్కించుట తేలిక. 11 గ్రాముల కంటె తక్కువ ఉన్న గర్భిణులలో ఎందరికి చికిత్స అంది, మరల పరీక్ష జరిగినదో లెక్కించుటకు రెండు మూడు రిజిస్టర్లు కలిపి చూడవలెను. సిబ్బంది బదిలీలు, ఖాళీ పోస్టులు కూడా అడ్డంకులే. శిక్షణ పొందిన నర్సు బదిలీ అయినచో ఆమె నేర్చినది ఆమెతోనే పోవును. కనుక కొన్ని కేంద్రాలలో ఏ పని ఎట్లు చేయవలెనో తెలుగులో వ్రాసి గోడకు అంటించి, కొత్తగా చేరినవారికి పాతవారు చేసి చూపు పద్ధతి పాటించుచున్నారు.