సేఫ్‌గార్డ్: ఎవరికి, ఎవరి నుంచి, ఎవరి చేతుల్లో?

దళిత రాజకీయాల్లో కొన్ని ఇంగ్లీషు మాటలు ఎప్పుడో తెలుగు మాటలైపోయాయి. రిజర్వేషన్, సర్టిఫికెట్, అట్రాసిటీ, కమిషన్ - వీటికి మన వాడల్లో ఎవరూ అర్థం అడగరు. ‘సేఫ్‌గార్డ్’ మాత్రం వాడదాకా రాలేదు. చట్టాల్లో, కమిటీ రిపోర్టుల్లో, పెద్దమనుషుల ఒప్పందాల్లో ఉండిపోయింది. తెలుగులో దాన్ని ‘రక్షణలు’ అని రాసుకుంటున్నాం. కానీ 1928 నుంచి దళితులు రాజ్యాన్ని అడిగినవాటిలో ముఖ్యమైనవి ఈ మాట కిందే అడిగారు. వాళ్లకి దక్కినవీ, దక్కకుండా పోయినవీ చాలావరకు ఈ మాట కిందే ఉన్నాయి. అదే మాటని తెల్లదొరలు వాడుకున్నారు, ప్రాంతీయ పాలకకులాలు వాడుకున్నాయి, చివరికి అట్రాసిటీ కేసుల్లో ముద్దాయిల తరఫునా అదే మాట వినిపించింది. అందుకే ఈ మాట చరిత్రని ఒకసారి విప్పి చూడాలనుకున్నాం. మా వాదన ఒక్కటే: సేఫ్‌గార్డ్ బలం అది కాగితం మీద ఎంత ఉందన్నదాన్నిబట్టి ఉండదు, దాని తాళంచెవి ఎవరి చేతిలో ఉందన్నదాన్నిబట్టి ఉంటుంది.

మాట పుట్టుక

ఫ్రెంచి నుంచి ఇంగ్లీషులోకి వచ్చిన మాట ఇది. యుద్ధకాలంలో శత్రువుల నేల మీదుగా పోయేవాడికి రాజు ఇచ్చే అభయపత్రాన్ని సేఫ్‌గార్డ్ అన్నారు. ఒక ఇంటినో ఊరినో దోచుకోవద్దని సేనాపతి కాపలా పెట్టిన సైనికుణ్ణీ అలాగే పిలిచారు. 16, 17 శతాబ్దాల్లో గుర్రమెక్కి ప్రయాణించే ఇంగ్లీషు స్త్రీలు లోపలి బట్టలకి బురద అంటకుండా పైన కట్టుకునే లంగా పేరూ అదే. యంత్రంలో చెయ్యి పడకుండా బిగించే కమ్మీ కూడా సేఫ్‌గార్డే. 1921లో బ్రిటన్ తన పరిశ్రమలని విదేశీ సరుకుల పోటీ నుంచి కాపాడుకోటానికి చేసిన చట్టం పేరులోనూ ఈ మాట ఉంది. ఇప్పుడు అణు ఇంధనం బాంబులకి మళ్లకుండా చేసే తనిఖీలనీ, దిగుమతులు వెల్లువెత్తినప్పుడు వేసే సుంకాన్నీ ఇదే మాటతో పిలుస్తున్నారు.

ఈ వాడుకలన్నీ ఒకచోట పెడితే రెండు రకాలు కనపడతాయి. ఒకటి, పైవాడు దయతలచి ఇచ్చే అభయం. రాజుకి కోపమొస్తే ఆ కాగితం చెల్లదు. రెండోది, యంత్రానికి బిగించిన కమ్మీ. అది ఎవరి దయ మీదా ఆధారపడదు. చెయ్యి ఎవరిదైనా అడ్డుకుంటుంది. దళితులు కమ్మీ కావాలని అడిగారు. పాలకులు అభయపత్రం ఇచ్చి అదే కమ్మీ అన్నారు. తర్వాతి తొంభై ఏళ్ల చరిత్రలో ఎక్కువ భాగం ఈ తేడా గురించే.

కావలి కాసినవాళ్లు

మన భాషలో రక్షణకి మాటలు తక్కువేం కాదు. అండ, పూచీ, కాపు, కావలి, కాపలా. ఇందులో కావలి ఎవరి పని? పంట కళ్లంలో ఉన్నప్పుడు రాత్రి మేలుకున్నదెవరు? శిస్తు డబ్బు తాలూకాకి పోయేటప్పుడు వెంట నడిచిందెవరు? తలారి, వెట్టి, తెలంగాణలో చెరువు నీళ్లు పంచే నీరడి - ఈ పనుల్లో ఎక్కువగా ఉన్నది మాల మాదిగలే. ఊరి పంటకి, ఊరి నీళ్లకి, సర్కారు సొమ్ముకి సేఫ్‌గార్డ్ వాళ్లు. ఆ చెరువు నీళ్లు పొలాలకి పంచినవాడు ఊరిబావిలో చేద వెయ్యటానికి మాత్రం లేదు. కాబట్టి రక్షణ అనే ఆలోచన మనకి తెల్లవాళ్లు నేర్పింది కాదు. కావలి కాయటం మన వంతు, కావలి పొందటం వాళ్ల వంతు అనే పంపకం పాతది. ఈ పంపకాన్ని తిరగెయ్యాలన్నదే దళితుల సేఫ్‌గార్డ్ డిమాండు.

ఒకే మాట, రెండు మూటలు

29 మే 1928న బహిష్కృత హితకారిణి సభ తరఫున అంబేద్కర్ సైమన్ కమిషన్‌కి ఒక ప్రకటన ఇచ్చాడు. బొంబాయి రాష్ట్రంలో అణగారిన వర్గాలకి మైనారిటీగా కావలసిన సేఫ్‌గార్డ్‌ల గురించి ఆ ప్రకటన. రెండేళ్ల తర్వాత మొదటి రౌండ్ టేబుల్ సమావేశంలో అంబేద్కర్, మద్రాసు నుంచి వెళ్లిన రెట్టమలై శ్రీనివాసన్ కలిసి మైనారిటీల సబ్‌కమిటీకి ‘రాజకీయ సేఫ్‌గార్డ్‌ల పథకం’ ఇచ్చారు. అందులో ఎనిమిది షరతులున్నాయి. సమాన పౌరసత్వం, సమాన హక్కుల్ని ఆటంకం లేకుండా అనుభవించటం, వివక్ష నుంచి రక్షణ, చట్టసభల్లో ప్రాతినిధ్యం, ఉద్యోగాల్లో ప్రాతినిధ్యం, నిర్లక్ష్యం చేస్తే పైకి అప్పీలు చేసుకునే దారి, ప్రత్యేక శాఖ, మంత్రివర్గంలో చోటు.

మనవాళ్లు ఈ పథకంలో సీట్ల సంగతే ఎక్కువ గుర్తుపెట్టుకున్నారు. మాకు మాత్రం రెండో షరతు ముఖ్యమనిపిస్తుంది. హక్కు ఉందని రాస్తే చాలదు, ఆ హక్కు వాడుకున్నవాణ్ణి ఊరు వెలివేస్తే ఏం చెయ్యాలి అని అది అడిగింది. ఇల్లు, పొలం ఇవ్వకపోవటం, కూలికి పిలవకపోవటం, సరుకు అమ్మకపోవటం - వీటన్నిటినీ కలిపి సాంఘిక బహిష్కారం అని నిర్వచించి, నేరంగా శిక్షించాలని అడిగింది. దీనికి 1922 నాటి బర్మా బహిష్కార నిరోధక చట్టం నుంచి నమూనా తీసుకున్నారు. భూమి లేనివాడికి హక్కు ఎంత ఖరీదైనదో తెలిసినవాళ్లు రాసిన సేఫ్‌గార్డ్ అది. యంత్రానికి కమ్మీ అంటే ఇదే.

సరిగ్గా ఆ రోజుల్లోనే ఇంకో మూట తయారవుతోంది. మార్చి 1931 నాటి గాంధీ-ఇర్విన్ ఒప్పందంలో సేఫ్‌గార్డ్‌ల జాబితా ఒకటుంది. రక్షణ శాఖ, విదేశీ వ్యవహారాలు, మైనారిటీల స్థితి, దేశపు అప్పుల పరపతి - అన్నీ వరసగా ఒకే చోట. లండన్‌లో బాండ్లు కొన్నవాడి భయం, వాడలో బావి లేనివాడి భయం ఒకే మాట కింద చేరిపోయాయి. 1935 చట్టం దీన్ని ఇంకా స్పష్టం చేసింది. గవర్నర్ ప్రత్యేక బాధ్యతల్లో మైనారిటీల న్యాయమైన ప్రయోజనాలు ఉన్నాయి. వాటి పక్కనే ఐసీఎస్ అధికారుల హక్కులు, సంస్థానాల హక్కులు, బ్రిటిష్ వ్యాపారంపై వివక్ష లేకుండా చూడటం ఉన్నాయి. అన్నిటికీ తాళంచెవి గవర్నర్ దగ్గరే. ఆ గవర్నర్ ఎవరి మనిషో చెప్పనక్కర్లేదు. దీంతో ఇంకో నష్టం కూడా జరిగింది. సేఫ్‌గార్డ్ అంటే స్వరాజ్యానికి అడ్డం అనే పేరు పడింది. ఆ నింద దళితుల డిమాండుకీ అంటింది.

24 సెప్టెంబర్ 1932 పూనా ఒప్పందంతో రాష్ట్ర చట్టసభల్లో 148 సీట్లు వచ్చాయి, మద్రాసుకి 30. ప్రత్యేక నియోజకవర్గాలు పోయాయి. సీట్ల లెక్క పెరిగింది, కానీ ఎవరు గెలవాలన్న చివరి మాట సవర్ణ ఓటర్ల చేతికి పోయింది. తాళంచెవి చేతులు మారటం అంటే ఇదే.

గడువున్న రక్షణ, గడువు లేని రక్షణ

22 జనవరి 1947న రాజ్యాంగసభ ఆమోదించిన లక్ష్యాల తీర్మానం మైనారిటీలకి, గిరిజన ప్రాంతాలకి, అణగారిన వర్గాలకి తగిన సేఫ్‌గార్డ్‌లు కల్పిస్తామంది. అదే ఏడాది షెడ్యూల్డ్ కులాల ఫెడరేషన్ తరఫున అంబేద్కర్ ‘స్టేట్స్ అండ్ మైనారిటీస్’ రాశాడు. మైనారిటీల వ్యవహారాలు చూసే అధికారి ఒకడుండాలనీ, అతనికి ఆడిటర్ జనరల్‌కున్నంత హోదా ఉండాలనీ, సుప్రీంకోర్టు జడ్జిని తీసేసినంత కష్టమైతే తప్ప అతన్ని తొలగించకూడదనీ అందులో అడిగాడు.

1950లో వచ్చిందేమిటి? 338వ అధికరణం కింద ఒక స్పెషల్ ఆఫీసర్. ఆయన పని సేఫ్‌గార్డ్‌ల అమలుని విచారించి రాష్ట్రపతికి రిపోర్టు ఇవ్వటం. ఆ రిపోర్టుని పార్లమెంటు ముందు పెడతారు. అంతే. శిక్షించే అధికారం లేదు. 1990 సవరణతో అది కమిషన్ అయింది, 2003 సవరణతో ఎస్సీలకి, ఎస్టీలకి వేరువేరు కమిషన్లయింది. సివిల్ కోర్టులా సాక్షుల్ని పిలిపించుకునే అధికారం వచ్చింది. చివరికి చేసేది సిఫారసే.

దీని పక్కన ఇంకో రెండు అధికరణాలు పెట్టి చూద్దాం. 291 ప్రకారం రాజుల భరణాలు నేరుగా సంచిత నిధి నుంచి, పన్ను లేకుండా పోతాయి. 314 ప్రకారం పాత ఐసీఎస్ అధికారుల ఉద్యోగ షరతులు అలాగే నిలుస్తాయి. రెండిటికీ గడువు రాయలేదు. ఎస్సీ ఎస్టీల సీట్లకి మాత్రం 334లో పదేళ్ల గడువు రాశారు. భరణాలు 1971లో, ఐసీఎస్ హామీ 1972లో పోయాయన్నది నిజమే. కానీ ఉన్నన్నాళ్లూ వాటిని ఎవరూ ‘ఇంకా ఎన్నాళ్లు’ అని పదేళ్లకోసారి నిలదీయలేదు. మన సీట్లకి మాత్రం ప్రతిసారీ అదే ప్రశ్న. 2019లో చేసిన 104వ సవరణ ప్రకారం ఇప్పటి గడువు జనవరి 2030.

తెలంగాణ రక్షణలు

తెలుగు నేలమీద ఈ మాట వీధుల్లోకి వచ్చింది మాత్రం దళితుల పేరుతో కాదు. 20 ఫిబ్రవరి 1956న ఢిల్లీలో పెద్దమనుషుల ఒప్పందం మీద ఆంధ్ర నుంచి నలుగురు, తెలంగాణ నుంచి నలుగురు సంతకాలు చేశారు. ఆ ఎనిమిది మందిలో ఒక్క దళితుడూ లేడు. స్థానికులకి ఉద్యోగాలు, మిగులు నిధులు, మంత్రివర్గంలో వాటా, తెలంగాణలో వ్యవసాయ భూముల అమ్మకం మీద ప్రాంతీయ మండలి అదుపు - ఇవీ ఆ రక్షణలు. అవి అమలు కానందుకే 1969లో విద్యార్థులు రోడ్డెక్కారు. ఆ పోరాటం న్యాయమైందే. అందులో దళిత బహుజన పిల్లలూ ఉన్నారు.

మా ప్రశ్న వేరే. భూమి అమ్మకం మీద అదుపు భూమి ఉన్నవాడికి రక్షణ. అమ్ముకోటానికి సెంటు లేనివాడికి అది దేని నుంచి రక్షణ? ఒప్పందం ఉల్లంఘించబడిందని అందరూ రాశారు. దళితుడికి ఉల్లంఘించటానికి కూడా అందులో పేరుపెట్టి ఒక వాక్యం లేదని తక్కువమంది రాశారు. ప్రాంతం పేరుతో అడిగిన రక్షణలో కులం కనపడకుండా పోవటం మన చరిత్రలో మళ్లీ మళ్లీ జరిగింది.

చుండూరు దగ్గర ఆగిన మాట

1930లో అడిగిన బహిష్కార నేరం ఏమైంది? 1955 అంటరానితనం నేరాల చట్టంలో దానికి ఒక రూపం వచ్చింది. అంటరానితనం రద్దుతో వచ్చిన హక్కుని వాడుకున్నందుకు బహిష్కరిస్తేనే అది వర్తిస్తుంది. 1976లో ఆ చట్టం పేరుని పౌరహక్కుల రక్షణ చట్టంగా మార్చారు. 1989 అట్రాసిటీ చట్టంలో మొదట రాసిన నేరాల జాబితాలో సాంఘిక బహిష్కారం లేదు.

1991లో గుంటూరు జిల్లా చుండూరులో జులై నుంచి దళితుల్ని బహిష్కరించారు. పనుల్లోకి పిలవటం మానేశారు. ఊళ్లో పోలీసు పికెట్ ఉంది. 6 ఆగస్టున 8 మంది దళితుల్ని చంపారు. అభయపత్రమూ ఉంది, కాపలా సైనికుడూ ఉన్నాడు. కమ్మీ ఒక్కటే లేదు. హత్యకి ముందు జరిగిన బహిష్కారాన్ని అప్పుడే నేరంగా చూసి ఉంటే అన్న ప్రశ్న ఇప్పటికీ మిగిలే ఉంది. ఆ ఊళ్లోనే పెట్టిన ప్రత్యేక కోర్టు 31 జులై 2007న 21 మందికి యావజ్జీవం, 35 మందికి ఏడాది జైలు వేసింది. ఏప్రిల్ 2014లో హైకోర్టు అందర్నీ విడిచిపెట్టింది. సాంఘిక, ఆర్థిక బహిష్కారాన్ని అట్రాసిటీగా రాసిన సవరణ 2015లో చేశారు, జనవరి 2016లో అమల్లోకి వచ్చింది. రౌండ్ టేబుల్ దగ్గర అడిగిన 85 ఏళ్లకి!

అది వచ్చిన రెండేళ్లకే మాట తలకిందులైంది. 20 మార్చి 2018న సుప్రీంకోర్టు అట్రాసిటీ చట్టం దుర్వినియోగమవుతోందంటూ ముద్దాయిలకి సేఫ్‌గార్డ్‌లు పెట్టింది. అరెస్టుకి ముందు అనుమతి కావాలంది, కేసు కట్టేముందు ప్రాథమిక విచారణ చెయ్యొచ్చంది. చట్టం కాపాడాల్సినవాళ్ల నుంచి కాపాడటానికి సేఫ్‌గార్డ్! 2 ఏప్రిల్ భారత్ బంద్‌లో దళితులు ప్రాణాలు పోగొట్టుకున్నారు. ఆ తర్వాతే పార్లమెంటు 18ఏ సెక్షన్ తెచ్చింది. 1 అక్టోబర్ 2019న కోర్టు తన ఆదేశాలని తానే వెనక్కి తీసుకుంది. చెప్పొచ్చేదేంటంటే, ఈ తాళంచెవి కోర్టులో దొరకలేదు, ముందు రోడ్డు మీద దొరికింది.

అడగాల్సిన మూడు ప్రశ్నలు

ఇకముందు ఎవరు సేఫ్‌గార్డ్ అన్నా మనం మూడు ప్రశ్నలు వెయ్యాలి. ఎవరి నుంచి రక్షణ? ‘సామాజిక అన్యాయం’ అని రాస్తే ముద్దాయి లేని నేరమవుతుంది. బహిష్కారం అని రాస్తే చేసినవాడు కనపడతాడు. విఫలమైతే ఎవరికి శిక్ష? రిపోర్టు బల్లమీద పెట్టటం శిక్ష కాదు. తాళంచెవి ఎవరి దగ్గర? రక్షణ పొందేవాడి చేతిలో లేని రక్షణ ఎప్పటికీ అభయపత్రమే.

ఈ ప్రశ్నలు మనలో మనం కూడా వేసుకోక తప్పదు. 1994లో మాదిగ దండోరా అడిగింది ఇదే. పంపకం లేని రక్షణలో వెనకబడ్డ కులం వంతు ఏదని నిలదీసింది. 2004లో కాదన్న సుప్రీంకోర్టు 1 ఆగస్టు 2024న వర్గీకరణ చెల్లుతుందంది. 2025లో రెండు తెలుగు రాష్ట్రాలూ చట్టపరంగా దాన్ని అమల్లోకి తెచ్చాయి. ఉపకులాల్లో ఇంకా బడి గడప ఎక్కని ఇళ్లున్నాయి. రేపు వాళ్లు ఇదే మూడో ప్రశ్న మన ముందు పెడతారు. మా ఇళ్లల్లో యూనివర్సిటీ మెట్లెక్కిన మొదటి తరం మేము. మా చేతికొచ్చిన తాళంచెవిని ఎంతమంది చేతులకి అందిస్తామన్నది మేం చెప్పాల్సిన జవాబు. కావలి కాసిన జాతికి కావలి అంటే ఏమిటో ఎవరూ నేర్పనక్కర్లేదు. తాళాలు ఎవరి దగ్గరున్నాయో లెక్క రాసి పెట్టుకోవటం మాత్రం ఇప్పుడు మన పని.