మెగస్తనీస్ ‘ఇండికా’ వ్యాఖ్యానాలు

గ్రీకు రాయబారి మెగస్తనీస్ క్రీ.పూ. 300 ప్రాంతంలో భారతదేశం గురించి రాసిన ‘ఇండికా’ మీద వెలువడిన సంకలనాలు, అనువాదాలు, వివరణలు. మెగస్తనీస్ గ్రీకు పాలకుడు సెల్యూకస్ తరఫున పాటలీపుత్రానికి, చంద్రగుప్త మౌర్యుని కొలువుకు వచ్చినవాడు. ఆయన పుస్తకం పోయింది. డయొడోరస్, స్ట్రాబో, ప్లినీ, అరియన్ వంటి తర్వాతి గ్రీకు, రోమన్ రచయితలు ఎత్తి రాసుకున్న ముక్కలే మిగిలాయి. కోలాచలం మల్లినాథసూరి కాళిదాసుకు వ్యాఖ్య రాసేటప్పుడు ఎదురుగా కావ్యం ఉంది. ఇండికా వ్యాఖ్యాత మాత్రం ముందు మూలం ఎంతవరకో తేల్చుకుని, ఆ తర్వాత అర్థం చెప్పాలి. అందుకే ఈ గ్రంథం విషయంలో సంకలనకర్తే తొలి వ్యాఖ్యాత.

ఆంధ్రుల ప్రాచీన చరిత్ర రాసినవారికి ఈ వ్యాఖ్యానాలతో ఉన్న సంబంధమంతా దాదాపు ఒక్క వాక్యం చుట్టూ తిరుగుతుంది. ప్లినీ తన ‘ప్రకృతి చరిత్ర’ 6వ భాగంలో ‘ఆందారే’ అనే జాతిని పేర్కొన్నాడు. వారికి లెక్కకు మించిన గ్రామాలు, గోడలూ బురుజులూ ఉన్న 30 పట్టణాలు ఉన్నాయనీ, తమ రాజుకు 1,00,000 కాల్బలం, 2,000 గుర్రాలు, 1,000 ఏనుగులు సమకూరుస్తారనీ రాశాడు. అదే పట్టికలో కళింగుల ఏనుగులు 700.

ప్రాచీన కాలం

మొదటి వ్యాఖ్యలు నిందలే. చీమలు బంగారం తవ్వుతాయనీ, చెవులు పరుచుకుని పడుకునే మనుషులున్నారనీ రాసినందుకు స్ట్రాబో మెగస్తనీస్‌ను అబద్ధాలకోరుల జాబితాలో చేర్చాడు. అయినా పాటలీపుత్రపు కొలతలకూ, ఏడు వర్గాల సమాజ వర్ణనకూ ఆయన మీదే ఆధారపడ్డాడు. అరియన్ కొంత మర్యాదగా వ్యవహరించాడు. తర్వాతి వెయ్యేళ్లకు పైగా ఇండికా గురించి చెప్పుకోదగిన పరిశీలన కనిపించదు. 1469లో వెనిస్‌లో ప్లినీ గ్రంథం అచ్చుకావడంతో ‘ఆందారే’ వాక్యం పండితుల చేతుల్లోకి వచ్చింది. 1793లో విలియం జోన్స్ కలకత్తాలో ఆసియాటిక్ సొసైటీ ముందు ప్రసంగిస్తూ, గ్రీకులు చెప్పిన సాండ్రకోటస్ చంద్రగుప్తుడేనని ప్రకటించాక ఈ ముక్కలకు భారత కాలక్రమంలో చోటు దొరికింది.

స్వాన్‌బెక్, మెక్‌క్రిండిల్

చెల్లాచెదరుగా ఉన్న భాగాలను ఏరి, సంఖ్యలు వేసి, లాటిన్‌లో విపులమైన ఉపోద్ఘాతం, టిప్పణులు చేర్చి 1846లో బాన్ నగరంలో ప్రచురించినవాడు ఇ.ఎ. స్వాన్‌బెక్. ఇది నిజంగా ఓపికగల పని. స్ట్రాబో నవ్విపారేసిన వింతలకు స్వాన్‌బెక్ సంస్కృతంలో మూలాలు వెతికాడు. చెవులు కప్పుకుని పడుకునేవారు మన కర్ణప్రావరణులేనని చూపాడు. మహాభారత సభాపర్వంలో సహదేవుని దక్షిణ దిగ్విజయంలో వీరు వస్తారు. ఆంధ్రులూ కళింగులూ వచ్చేది కూడా ఆ ఘట్టంలోనే. చీమలు తవ్విన బంగారం ధర్మరాజుకు కానుకగా వచ్చిన సంగతి కూడా సభాపర్వంలోనే ఉంది. మెగస్తనీస్ అబద్ధం కల్పించలేదు, విన్న కథను రాసుకున్నాడన్న అభిప్రాయం ఇక్కడి నుంచి బలపడింది.

స్వాన్‌బెక్ చేసిన మరో నిర్ణయం తెలుగువారికి ఇంకా ముఖ్యమైనది. ప్లినీలోని జాతుల పట్టిక మొత్తాన్నీ ఆయన 56వ శకలంగా ఇండికాలో చేర్చాడు. ఆ భాగంలో ప్లినీ సైన్యాల లెక్కలు చెబుతూ ఏ వాక్యానికి ఆధారం ఎవరో విడివిడిగా చెప్పలేదు. భారత రాజుల వద్ద ఉండి వచ్చినవారిగా మెగస్తనీస్‌నూ, డయొనీసియస్ అనే మరో రాయబారినీ అంతకు ముందు పేర్కొన్నాడు. ‘ముప్పై కోటలు మెగస్తనీస్ చెప్పాడు’ అని మన పాఠ్యపుస్తకాలు రాసే మాట వెనక ఉన్నది ప్లినీ వాక్యమూ, స్వాన్‌బెక్ వేసిన సంఖ్యా.

పాట్నా ప్రభుత్వ కళాశాల ప్రధానాచార్యుడు జె.డబ్ల్యు. మెక్‌క్రిండిల్ ఈ సంకలనాన్ని ఇంగ్లిష్‌లోకి తెచ్చి ‘ఇండియన్ ఆంటిక్వరీ’లోనూ, 1877లో పుస్తకంగానూ ప్రచురించాడు. మెగస్తనీస్ నివసించిన ఊళ్లోనే ఆయనను అనువదించిన భాగ్యం ఈయనది. ఆందారే అంటే ఆంధ్రులేనని చెబుతూ, వారి తొలి నివాసం గోదావరి, కృష్ణల నడిమి భాగాల మధ్య దక్కను అని మెక్‌క్రిండిల్ టిప్పణి రాశాడు. తీరం పేరు ఎత్తలేదు. ఆ టిప్పణిని ఉదాహరించినవారు చాలామంది ఈ సంగతిని దాటవేశారు.

మోదోగలింగ

ఇంతకంటే పాత చర్చ ఒకటుంది. గంగానదిలోని ఒక పెద్ద ద్వీపంలో ‘మోదోగలింగ’ జాతి ఉందని ప్లినీ రాశాడు. మద్రాసులో 1816లో వెలువడిన తెలుగు వ్యాకరణంలో ఎ.డి. క్యాంప్‌బెల్ ఈ పేరులోని ‘మోదోగ’ను తెలుగు ‘మూడు’తో కలిపి, మోదోగలింగ అంటే త్రిలింగమని సూచించాడు. కాళహస్తి, శ్రీశైలం, ద్రాక్షారామాల త్రిలింగ వ్యుత్పత్తికి రోమన్ సాక్ష్యం దొరికిందన్నమాట. సి.పి. బ్రౌన్ మాత్రం త్రిలింగమే కవుల కల్పన అన్నాడు. తర్వాత వచ్చినవారిలో కొందరు మూడు కళింగాలు అని చదివారు. ఏ అర్థం తీసినా, ఆ జాతిని ప్లినీ ఉంచింది గంగలోని లంకలో, కృష్ణ లంకల్లో కాదు.

గుంటూరు సీమ, ముప్పై కోటలు

ఆ 30 పట్టణాలు ఎక్కడివన్న ప్రశ్న 19వ శతాబ్ది చివర నుంచి కృష్ణ దిగువ భాగానికి చేరింది. దీనికి తవ్వకాలే కారణం. అమరావతి స్తూపాన్ని కాలిన్ మెకంజీ 1797లో చూశాడు. 1845లో వాల్టర్ ఇలియట్, 1877లో రాబర్ట్ సూయల్, 1881–82లో జేమ్స్ బర్జెస్ పనిచేశారు. 1892లో అలెగ్జాండర్ రీ భట్టిప్రోలు స్తూపంలో ధాతు కరండాలను వెలికితీశాడు. వాటి మీది రాతలను చదివిన జార్జ్ బ్యూలర్ వాటిని మౌర్యుల కాలానికి దగ్గరగా ఉంచాడు. కుబిరకుడనే రాజు పేరూ, నిగమసభ ప్రస్తావనా ఆ రాతల్లో ఉన్నాయి. అంత పాత లిపి, రాజు, నిగమసభ ఉన్న చోట కోట ఉండదా అన్నది సహజంగా పుట్టే ఆలోచనే. చరిత్రకారుడు విన్సెంట్ స్మిత్ ఆంధ్రుల అప్పటి రాజధాని కృష్ణా తీరపు శ్రీకాకుళమని రాశాడు. అమరావతి పక్కనున్న ధరణికోట మట్టి గోడను ఆ ముప్పైలో ఒకటిగా లెక్కవేయడం స్థానిక రచనల్లో మామూలైంది.

1910లో విజ్ఞాన చంద్రికా గ్రంథమాల చిలుకూరి వీరభద్రరావు ‘ఆంధ్రుల చరిత్రము’ మొదటి భాగాన్ని వెలువరించింది. తెలుగులో విజ్ఞాన సర్వస్వాలకు దారి వేసిన కొమర్రాజు లక్ష్మణరావే ఈ గ్రంథమాలకు వెన్నెముక. గ్రీకు రాయబారి మాటలు సామాన్య తెలుగు పాఠకుడికి చేరింది ఈ మార్గంలోనే. 1913లో బాపట్లలో మొదటి ఆంధ్ర మహాసభ జరిగింది. ప్రత్యేక రాష్ట్రం అడుగుతున్న రోజుల్లో లక్ష కాల్బలం, వెయ్యి ఏనుగుల లెక్కకు ఉన్న ఆకర్షణ వేరే చెప్పనక్కరలేదు.

అదే ఏడాది పి.టి. శ్రీనివాస అయ్యంగార్ ‘ఇండియన్ ఆంటిక్వరీ’లో ఎదురు వాదం వినిపించాడు: ఆంధ్రులు మొదట వింధ్య ప్రాంతపు జాతి, శాతవాహనులు పడమటి నుంచి తూర్పుకు వచ్చారు, వారిని ఆంధ్రులనడం పురాణాల మాట. వి.ఎస్. సుక్తంకర్ శాతవాహనుల తొలి సీమను బళ్లారి వైపు చూపాడు. 1941లో కె. గోపాలాచారి ‘ఆంధ్రదేశ ప్రాచీన చరిత్ర’ ఈ తగవును చక్కగా, ఆవేశం లేకుండా తూచింది. ఆంధ్రుల ఉనికికి అశోకుని 13వ శిలాశాసనం ప్లినీ కంటే గట్టి సాక్ష్యమన్నది నేడు అందరూ ఒప్పుకునేదే.

ఇతర గ్రీకు రచనల వ్యాఖ్యానం కృష్ణ దిగువ సీమకు మరింత కచ్చితమైన ఫలితాలిచ్చింది. టాలెమీ చెప్పిన మైసోలియా తీరపు రేవు కంటకోసిల, నాగార్జునకొండ శాసనంలోని ‘కంటకసేల’ ఒకటేనని జె.పి.హెచ్. వోగెల్ చూపాడు, అది నేటి ఘంటసాల. ‘ఎరిత్రియన్ సముద్ర పెరిప్లస్’ ఈ తీరాన్ని మసాలియా అంటూ, అక్కడ నూలు బట్టలు విస్తారంగా నేస్తారని రాసింది. నల్లరేగడి పత్తికి ఇంతకు మించిన పాత విదేశీ ప్రశంస అరుదు.

అర్థశాస్త్రం తర్వాత

ఆర్. శామశాస్త్రి 1909లో మైసూరులో కౌటిల్యుని ‘అర్థశాస్త్రం’ ప్రచురించాక ఇండికాకు సాటి చూడదగ్గ దేశీయ గ్రంథం దొరికింది. భారతదేశంలో బానిసలు లేరని మెగస్తనీస్ అంటే, దాసుల గురించి కౌటిల్యుడు ఒక అధ్యాయమే రాశాడు. ఒట్టో స్టైన్ వియన్నాలో వెలువరించిన ‘మెగస్తనీస్, కౌటిల్యుడు’ రెంటినీ అంశాలవారీగా పోల్చి, పొంతన కంటే తేడాలే ఎక్కువని తేల్చింది. మెగస్తనీస్ వర్ణించిన పాటలీపుత్రానికి మట్టిలో సాక్ష్యం కూడా దొరికింది: 1912–13లో పురావస్తు పరిశోధకుడు స్పూనర్ పాట్నా దగ్గర కుమ్రహార్‌లో స్తంభాల మండపాన్ని తవ్వితీశాడు.

స్వాతంత్ర్యం తరువాత

ఫెలిక్స్ జాకోబీ గ్రీకు చరిత్రకారుల శకలాల మహాసంకలనంలో మెగస్తనీస్ సంఖ్య 715. మెగస్తనీస్ పేరుతో వచ్చిన చోట్లకే జాకోబీ ప్రాధాన్యమిచ్చాడు. 1958లో ఆర్.సి. మజుందార్, ఇండికాదని చలామణి అవుతున్న భాగాల్లో ఎంతవరకు మెగస్తనీస్‌దో నిలదీశాడు, 1960లో కె.డి. సెత్నా జవాబిచ్చాడు. 2022 ముద్రణగా వచ్చిన రిచర్డ్ స్టోన్‌మన్ అనువాదం, వ్యాఖ్య ఇంగ్లిష్ పాఠకులకు మెక్‌క్రిండిల్ స్థానాన్ని భర్తీ చేసింది.

ఆంధ్రదేశంలో మాత్రం చర్చ మట్టిలోనే సాగింది. 1962–64లో ధరణికోటలో జరిగిన తవ్వకాల్లో నదితో కలిసే కాలువ, దాని ఒడ్డున రేవుకట్ట బయటపడ్డాయి. 1970ల నుంచి అప్పటి కరీంనగర్ జిల్లాలో వి.వి. కృష్ణశాస్త్రి బృందం ధూళికట్ట, పెద్దబంకూరు, కోటిలింగాల దిబ్బలను తవ్వింది. ధూళికట్ట మట్టికోట వెలుగు చూడగానే అదీ మెగస్తనీస్ ముప్పైలో చేరింది. కోటిలింగాలలో దొరికిన శాతవాహన తొలి నాణేలను పి.వి. పరబ్రహ్మశాస్త్రి ప్రకటించాక, మెక్‌క్రిండిల్ చెప్పిన ‘నదుల నడిమి భాగం’ మళ్లీ తెరమీదికి వచ్చింది. ప్లినీ ఆ 30 పట్టణాల్లో ఒక్కదాని పేరూ రాయలేదు.