చాకిరేవును, ఉతుకు యంత్రమును

ధవళేశ్వరము ఆనకట్ట పని 1847లో మొదలై 1852లో ముగిసినది. కాటన్ దొర కాలువలు వరిచేలకే గాక బట్టలకును మేలు చేసినవి. ఈ మాట మనము తఱచుగా తలంపము. కడియము ప్రాంతపు రేవులలో రజకులు బట్టలకు చవుడు పట్టించి, బానపై ఉబ్బవేసి, పాఱెడి తియ్యనీట జాడించెడివారు. దిగువన సముద్రతీరమున పెక్కుచోట్ల బావినీరు ఉప్పన. అందు సబ్బు సరిగా నురుగదు.

1858లో అమెరికాలో హామిల్టన్ స్మిత్ త్రిప్పుడుతొట్టి యంత్రమునకు పేటెంటు పొందెను. నేడు ఉతుకు యంత్రము మన యిండ్లకును వచ్చినది గాని నీటి చిక్కు పోలేదు. కఠినజలములోని సున్నము, నీరు కాచెడి కమ్మీపై పెచ్చు గట్టును. నిమ్మ ఉప్పు వేసి, బట్టలు లేకుండ వేడినీటితో యంత్రమును త్రిప్పిన నది కరగును. ఉప్పుగాలి తెచ్చు తుప్పు అంతకంటె చెడ్డది. ఎర్తు తీగ కొస తుప్పుపట్టి ఊడియుండగా లోపలి తీగ చెడినచో, విద్యుత్తు రేకుపైకి వచ్చును. తడిచేతితో ముట్టినవారి ప్రాణమునకే ముప్పు. ఏటేట వానకారునకు ముందు ఆ కొసను పని తెలిసినవానిచేత పరీక్ష చేయింపుడు. ప్లగ్గు తీసిన పిదపనే రేకును మంచినీటి గుడ్డతో తుడిచి, పొడిగుడ్డతో ఒత్తుడు; ఉతుకు ముగిసిన వెనుక మూత తెఱచి యుంచుడు.