ఉప్పుగాలిలో వేటతుపాకి

నెల్లూరు తీరాన ఇనుముకు ఆయుష్షు తక్కువ. కోడూరు, మైపాడు, తూపిలిపాలెం వంటి సముద్రపు టూళ్ళలో కిటికీ చువ్వలను చూసినవారికి ఈ మాట విడమరచి చెప్పనక్కరలేదు. పైరంగు చెక్కు చెదరనట్టే ఉంటుంది, వేలితో నొక్కితే లోపలి ఇనుము పొట్టు పొట్టుగా రాలుతుంది. ఇటువంటి గాలిలో మన పెద్దలు తుపాకులు ఉంచుకున్నారు. ప్రళయకావేరి, అంటే నేటి పులికాటు సరస్సు, చుట్టుపక్కల వేటలాడారు. తాతలనాటి రైఫిలు ఇంట ఉన్నవారు నేటికీ అడిగే ప్రశ్న ఒకటుంది: దీనికి కలకాలం నిలిచే పూత ఏది? ఆ ప్రశ్నకు జవాబు వెదకబోతే రసాయన శాస్త్రంతో పాటు ఈ తీరపు చరిత్ర కూడా కొంత చేతికి వచ్చింది. రెండింటినీ కలిపి ఈ టపాలో రాస్తున్నాను.

మొదట శత్రువును గుర్తించాలి. మన భాష ఇనుముకు పట్టేదాన్ని తుప్పు అంటుంది, రాగి ఇత్తళ్ళకు పట్టేదాన్ని చిలుము అంటుంది. రెండింటికి రెండు పేర్లుండడం సబబే. రాగి మీది చిలుము లోహాన్ని అంటిపెట్టుకొని, తన కింది లోహానికి కొంతవరకైనా కాపు కాస్తుంది. ఇనుప తుప్పుకు ఆ గుణం లేదు. అది ఉబ్బుతుంది, గుల్లబారుతుంది, నీటిని పీల్చుకొని లోపలి ఇనుమును కూడా తనలో కలుపుకొంటుంది. ఇనుము తుప్పు పట్టడానికి నీరూ, ప్రాణవాయువూ చాలు. ఉప్పు తోడైతే ఆ పని ఎన్నో రెట్లు వేగంగా సాగుతుంది. శుద్ధమైన వంటఉప్పు గాలిలో తేమ 75 శాతం దాటితే నీరు కారుతుంది. సముద్రపు ఉప్పులో మెగ్నీషియం క్లోరైడు కూడా ఉంటుంది, దానికి 33 శాతం తేమ చాలు. అందువల్ల తీరప్రాంతంలో వాన లేని రోజున కూడా, ఉప్పు తుంపర పడిన తుపాకి గొట్టం మీద కంటికి కనబడని తడిపొర ఉండనే ఉంటుంది. చేతి చెమటలోనూ ఉప్పే గదా. అందుకే వేలిముద్రలు పడినచోటనే మొదటి తుప్పు మచ్చ పుడుతుంది.

ఈ తీరానికి మందుగుండు కొత్త కాదు. పులికాటులో డచ్చివారి గెల్డ్రియా కోట 1613 నాటిది. తరువాత అక్కడ వారు తుపాకిమందు కూడా తయారు చేయించారు. ఆ ఊరు ఇప్పుడు తమిళనాడులో ఉంది. దానికి ఉత్తరాన దుగరాజపట్నంలో ఇంగ్లీషు కంపెనీవారు 1626లో వర్తకస్థానం పెట్టుకొని, ఫిరంగులతో దాన్ని కట్టుదిట్టం చేసుకున్నారు. దానికి ఆర్మగాన్ అని పేరు పెట్టారు. అక్కడ పెద్దగా ఉన్న ఫ్రాన్సిస్ డేయే 1639లో మద్రాసు స్థలాన్ని సంపాదించినవాడు. అంటే మద్రాసు పుట్టుకకు ముందే నెల్లూరు ఉప్పుగాలి ఇంగ్లీషువారి ఇనుమును రుచి చూసింది.

వేట సంగతికి వస్తే, ఇక్కడ ఋతువే తుపాకికి పగ. వలసపక్షులు శీతకాలానికి ముందు దిగుతాయి. ఈశాన్య ఋతుపవనాలు నెల్లూరు మీదికి వచ్చేదీ అక్టోబరు నుంచి డిసెంబరు దాకానే. వాయుగుండాలు, తుపానులు కూడా ఆ నెలలలోనే. పక్షులకు సీసపు గుళ్ళ జంటగొట్టాల తుపాకి, అడవిపందికి రైఫిలు, ఏదైనా సరే, పెట్టెలోంచి బయటికి తీసే కాలమూ, గాలి నీరై కారే కాలమూ ఒకటే. పైగా వేటగాడు మోకాలిలోతు ఉప్పునీటిలో నిలవాలి, పడవలో కూర్చోవాలి, తడిచేతులతో తుపాకి పట్టాలి. ఇంగ్లండు చలిలో సరిపోయిన జాగ్రత్త ఇక్కడ సరిపోదు.

ఇది బయటి ఉప్పు. లోపలి ఉప్పు వేరే ఉంది. పాతకాలపు నల్లమందు కాలితే గొట్టంలో పొటాషియం లవణాలు మసితో కలిసి మిగులుతాయి, అవి తేమను లాగుతాయి. తరువాత పొగలేని మందు వచ్చింది. అయితే తూటా అడుగున నిప్పు పుట్టించే చిన్న టోపీలో చాలాకాలం పొటాషియం క్లోరేటు వాడారు. అది పేలగా మిగిలేది పొటాషియం క్లోరైడు, అంటే వంటఉప్పుకు స్వయానా తోబుట్టువు. నూనె ఎంత పోసినా ఉప్పు కరగదు, నీటిలోనే కరుగుతుంది. అందుకే పాత సిపాయిలు ముందు గొట్టంలో మరిగే నీళ్ళు పోసి, ఆరనిచ్చి, ఆ తరువాతనే నూనె పట్టించేవారు. పైపూత ఎంత ఖరీదైనదైనా గొట్టం లోపలికి దాని రక్ష ఉండదు. ఈ సంగతి మరచి బయట మాత్రం మెరిపించుకున్న తుపాకులు లోపల పుచ్చిన దంతాల్లా ఉంటాయి.

పల్లెల్లో కత్తికీ గొడ్డలికీ ఆముదం రాయడం మనకు పరిపాటి. ఆముదం చిక్కన, ఇనుమును బాగా పట్టుకొంటుంది. అయితే గింజల నూనెలన్నిటికీ ఒక దోషం ఉంది, నిలవ ఉండగా జిగురెక్కుతాయి. సన్నని మీటలూ స్ప్రింగులూ ఉన్న తుపాకిలో జిగురు పనికిరాదు. దొరల సైన్యం ఆయుధాలకు రంగూన్ నూనె అనే భూతైలం వాడేది. బర్మా బావుల నుంచి వచ్చినది గనుక ఆ పేరు. మన తీరాల నుంచి రంగూనుకు కూలికి పోయిన తెలుగువారు ఎందరో. మద్రాసులో గడియారాలకు పేరుపడిన పి. ఆర్ అండ్ సన్స్ వారు వేటతుపాకులు కూడా అమ్మారు, వారికి రంగూనులోనూ దుకాణం ఉండేది. తుపాకీ, దాని నూనే, దాని మోజూ బంగాళాఖాతం ఈ ఒడ్డునా ఆ ఒడ్డునా ఒకే దారిలో తిరిగాయన్నమాట.

ఇక పూత. పూత అనగానే మనకు పైన వేసే రంగో, కళాయో, మలామో గుర్తుకు వస్తుంది. తుపాకి చరిత్రలో మొదట నిలిచిన పూత వీటిలో ఏదీ కాదు, తుప్పే! గొట్టాన్ని జిడ్డు లేకుండా తుడిచి, ఆమ్లపు ద్రావణం పలుచగా రాసి, తేమగదిలో ఉంచుతారు. సన్నని ఎర్రతుప్పు ఒకే తీరుగా పడుతుంది. వదులుగా ఉన్నదాన్ని తీగబురుసుతో దులిపివేసి, మళ్ళీ రాస్తారు. ఇలా కొన్ని రోజులు చేస్తే గొట్టం గోధుమవన్నె తిరుగుతుంది. ప్రతిసారీ మరిగే నీటిలో ముంచితే ఎర్రతుప్పు నల్లని మాగ్నటైటుగా మారి, నలుపు కలిసిన నీలివన్నె వస్తుంది. ఎర్రతుప్పు గుల్ల, మాగ్నటైటు గట్టి. పాత జంటగొట్టాల తుపాకుల అందమంతా ఈ ఓపికదే. ఈ పనికి కావలసిన తేమగది నెల్లూరు తీరాన ఊరంతా ఉచితమే గదా అని నాకు నవ్వు వస్తుంది.

ఈ విద్య మనకు మరీ పరాయిది కాదు. కొత్త పెనాన్ని నూనె రాసి కాల్చి, మళ్ళీ రాసి కాల్చి నల్లబరిచే ప్రతి తెలుగు ఇల్లాలికీ ఇనుము మీద గట్టిపొర నిలపడం తెలుసు. అక్కడ నూనె ముదిరి పొరవుతుంది, ఇక్కడ ఇనుమే మారి పొరవుతుంది. అంతే తేడా. రెండింటిలోనూ పొర చాలా పలుచన, దానికి అప్పుడప్పుడు నూనె తోడు కావాలి. నీలివన్నె గొట్టం తనంతట తాను ఉప్పును ఆపలేదు. దాని సన్నని రంధ్రాలు నూనెను పట్టి ఉంచుతాయి, ఆ నూనె ఉప్పును ఆపుతుంది.

ఇరవయ్యవ శతాబ్దంలో కార్ఖానాలకు ఇంత ఓపిక లేకపోయింది. కాస్టిక్ సోడా, నైట్రేటు కలిపిన నీటిని సుమారు 140 డిగ్రీల సెల్సియస్ దగ్గర మరగబెట్టి, అందులో ఉక్కును ముంచి కొద్ది నిమిషాల్లోనే నల్లబరిచారు. ఒంటిగొట్టపు రైఫిలుకు ఇది చక్కని పద్ధతి. పాత జంటగొట్టాల తుపాకికి మాత్రం ప్రాణాంతకం. రెండు గొట్టాలనూ నడిమి పట్టీతో కలిపి ఉంచే మెత్తని టంకాన్ని ఆ క్షారం తినివేస్తుంది. నల్లగా నిగనిగలాడుతూ బయటికి వచ్చిన తుపాకి లోలోపల విడిపోయి ఉంటుంది.

యుద్ధాలు మరో దారి చూపాయి. ఇంగ్లండులో థామస్ వాట్స్ కాస్లెట్ 1906లో ఉక్కుకు ఫాస్ఫేటు పట్టించే పద్ధతికి పేటెంటు తీసుకున్నాడు. అమెరికాలో పార్కర్ కంపెనీ దాన్ని పెంచింది, అందుకే ఆ పూతకు పార్కరైజింగ్ అని పేరు. బూడిదవన్నెతో గరుకుగా ఉంటుంది, మెరవదు, నూనెను స్పంజిలా పట్టి ఉంచుతుంది. రెండవ ప్రపంచయుద్ధ కాలం నుంచి బ్రిటిషువారు ఫాస్ఫేటు మీద నల్లరంగు వేసి కాల్చడం మొదలుపెట్టారు. బెంగాలులోని ఇషాపూరు కార్ఖానా సైనిక రైఫిళ్ళ మీద కూడా అటువంటి నలుపు కనిపిస్తుంది. సైన్యపు .303 తూటా పౌరులకు నిషిద్ధం గనుక, అదే కార్ఖానా వారి కోసం .315 రైఫిలు చేసింది. మన జిల్లాల్లో లైసెన్సు రైఫిలు అంటే చాలామందికి స్ఫురించేది అదే.

నేటి పూతలకు పరీక్ష ఏమిటో చూస్తే ఆశ్చర్యం కలుగుతుంది. మూసిన పెట్టెలో 35 డిగ్రీల వేడిమి వద్ద అయిదు శాతం ఉప్పునీటిని మంచులా చిమ్ముతూ, ఎన్ని గంటలకు తుప్పు పుడుతుందో లెక్కిస్తారు. అమెరికా ప్రమాణాల సంస్థ 1939 నుంచి దీన్ని ప్రమాణంగా పెట్టింది. మన తీరాన్ని పెట్టెలో బిగించి, మరింత కఠినం చేసినట్టే! ఈ పరీక్షలో పింగాణి రేణువులు కలిపిన సెరాకోట్ వంటి పూతలు నీలివన్నెకు అందనంత దూరం నిలుస్తాయి. ఉక్కు పైపొరలోకి నత్రజనిని ఎక్కించే నైట్రైడింగు మరొకటి. దాన్ని కరిగిన లవణాల తొట్టిలో 570 డిగ్రీల చుట్టుపక్కల చేస్తారు. ఉప్పును గెలవడానికి ఉప్పులోనే ముంచడం విధివిలాసం కాబోలు. కానీ ఆ వేడిమి టంకానికి సరిపడదు. ఇక సెరాకోట్ పట్టాలంటే ముందు గరుకు రేణువులతో లోహాన్ని చెరగాలి. ఆ దెబ్బకు సన్నని చెక్కడాలు, చేసినవారి ముద్రలు అరిగిపోతాయి.

ఈ ముద్రలు ఊరికే అలంకారం కావు. ఆయుధాలకు లైసెన్సు పద్ధతిని దేశమంతటా బిగించింది 1878 చట్టం. ఇప్పుడు అమలులో ఉన్నది 1959 చట్టం. గుర్తింపు ముద్రలను చెరపడం దాని ప్రకారం నేరం, తుపాకి మరమ్మతు లైసెన్సున్నవాడే చేయాలి. వేటకైతే 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కళ్ళెం వేసింది, 1991 సవరణతో వేట లైసెన్సులు కూడా పోయాయి. పులికాటు, నేలపట్టు పక్షుల అభయారణ్యాలు 1976లో ఏర్పడ్డాయి. 2022లో జిల్లాలు మారినప్పుడు సూళ్ళూరుపేట ప్రాంతం తిరుపతి జిల్లాకు వెళ్ళింది, పక్షులకు ఆ సరిహద్దుతో పనిలేదు. నేలపట్టు చెరువులోని కడప చెట్ల మీద గూడబాతులు గూళ్ళు కడుతూనే ఉన్నాయి.

కాబట్టి పూత ఎంపిక తుపాకి వయసును బట్టీ, దాని పనిని బట్టీ ఉండాలని నా నిశ్చయం. పంటకాపలా లైసెన్సు మీద పొలంగట్టున ఉండే, చెక్కడాలూ చరిత్రా లేని సాదా రైఫిలుకు ఫాస్ఫేటు, దానిపై కాల్చిన రంగో పింగాణి పూతో మేలు. ముద్రల చోటు మాత్రం కప్పి కాపాడాలి. తాతలనాటి జంటగొట్టాలకూ, పాత దొరల దుకాణాల పేర్లున్న రైఫిళ్ళకూ కొత్త పూత వద్దు. ఉన్న వన్నెను అలాగే ఉంచి, ఎర్రమచ్చ కనిపిస్తే నూనెలో తడిపిన మెత్తని నూలుగుడ్డతో తుడిచి, పైన పలుచగా మైనం పట్టించాలి. ప్రదర్శనశాలల్లో లోహపు వస్తువులకు వాడే సన్నరవ్వ మైనం ఇందుకు తగినది. తోలు ఒరలో, గుడ్డసంచిలో దాచకూడదు, అవి తేమనూ ఉప్పునూ పట్టి ఉంచుతాయి. బిగువైన పెట్టెలో సిలికా జెల్ పొట్లాలు వేసి ఉంచి, అవి చెమ్మగిల్లినప్పుడు వేడిచేసి మళ్ళీ వాడుకోవాలి.

ఇంకొక మాట. ఎన్నికలు వచ్చినప్పుడు లైసెన్సు ఆయుధాలను ఠాణాలో అప్పగించవలసి రావడం మనకు తెలిసిందే. వారాల తరబడి అక్కడ దానికి నూనె రాసేవారు ఉండరు. ఇచ్చేముందు గొట్టం లోపలా బయటా దట్టంగా నూనె పట్టించి, తిరిగి తెచ్చుకున్ననాడే తుడిచి చూసుకోవడం ఏ పూతకన్నా ఎక్కువ మేలు చేస్తుంది.

వేట పోయింది, పోవడమే మంచిదయింది. అయినా ఆ తుపాకులు ఈ తీరపు కమ్మరితనానికీ, వర్తకానికీ, జమీల దర్జాకూ, రంగూను ప్రయాణాలకూ సాక్షులు. మందమైన కొత్త రంగు కింద ఆ సాక్ష్యాన్ని పూడ్చవద్దని నా మనవి. మీ ప్రాంతాల్లో తుపాకి గొట్టానికి ఏ నూనె వాడేవారో, ఆ వన్నెను ఏ పేరుతో పిలిచేవారో పెద్దలను అడిగి చెప్పగలిగితే ఎంతో సంతోషిస్తాను. చెప్పగలిగిన పెద్దలు ఇప్పటికే కొద్దిమంది.