గ్రంథాలయ నిధుల కేటాయింపు: పాకాల నేపథ్యం

గ్రంథాలయ నిధుల కేటాయింపు అంటే పరిమితమైన సొమ్మును, స్థలాన్ని, సిబ్బంది సమయాన్ని పోటీపడే అవసరాల మధ్య పంచడం. తిరుపతి జిల్లాలోని పాకాల వంటి మండల కేంద్రాల్లో ఈ పంపకం ఇంటి పన్నుతోనే మొదలవుతుంది.

ఆదాయం

1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడేదాకా, పాకాల అప్పట్లో ఉన్న చిత్తూరు జిల్లా మద్రాసు రాష్ట్రంలో ఉండేది. 1948 నాటి మద్రాసు పౌర గ్రంథాలయాల చట్టం ఇక్కడికి గ్రంథాలయ పన్నును తెచ్చింది. తర్వాత 1960లో ఆంధ్రప్రదేశ్ చట్టం వచ్చింది. ఇంటి పన్నులో రూపాయికి 8 పైసల చొప్పున గ్రంథాలయ సెస్సు పడుతుంది. అంటే వెయ్యి రూపాయల పన్ను కట్టే ఇల్లు గ్రంథాలయాలకు 80 రూపాయలు ఇస్తుంది. పంచాయతీలు, మున్సిపాలిటీలు దీన్ని వసూలు చేసి జిల్లా గ్రంథాలయ సంస్థకు జమచేయాలి. 1972లో ఏర్పడిన రాజా రామమోహన్ రాయ్ గ్రంథాలయ ఫౌండేషన్ కూడా పుస్తకాలకు సాయం చేస్తుంది.

పోటీపడే అవసరాలు

కరెంటు బిల్లు, అద్దె వంటివి వాయిదా వేయలేని ఖర్చులు. అందుకే సెస్సు బకాయి పడినప్పుడు పుస్తకాల కొనుగోలు మీదే సులువుగా కోత పడుతుంది. మిగిలిన సొమ్ముకూ పోటీ ఎక్కువే. పెద్దలకు పొద్దున్నే దినపత్రికలు కావాలి. డీఎస్సీ, గ్రూప్-2 వంటి ఉద్యోగ పరీక్షలు రాసేవాళ్లకు కొత్త సిలబస్ పుస్తకాలు కావాలి. పిల్లలకు కథలు, తమిళ సరిహద్దు ఊళ్లలో కొందరికి తమిళ పుస్తకాలు కావాలి.

పద్ధతులు

నిరుటి అంకెలకు కొంత కలిపి పద్దులు రాయడం పాత అలవాటు. వాడకాన్ని లెక్కించడం అంతకంటే మేలు. పుస్తకాల్లో సుమారు 20 శాతమే 80 శాతం అరువులకు కారణమని 1969లో అమెరికా పరిశోధకుడు రిచర్డ్ ట్రూస్‌వెల్ చూపించాడు. 1979 నాటి పిట్స్‌బర్గ్ విశ్వవిద్యాలయ అధ్యయనంలో, 1969లో కొన్న పుస్తకాల్లో దాదాపు 40 శాతం తొలి ఆరేళ్లలో ఒక్కసారి కూడా అరువు వెళ్లలేదు.

న్యాయమైన వాటా

గిరాకీ ఒక్కటే కొలత అయితే, అడగడం తెలియని పిల్లలు ఎప్పుడూ వెనకబడతారు. ప్రతి పాఠకుడికీ తన పుస్తకం దక్కాలన్నది గ్రంథాలయ శాస్త్రవేత్త రంగనాథన్ 1931లో చెప్పిన రెండో సూత్రం. దాన్ని నిలబెట్టాలంటే బాలసాహిత్యానికి ముందే ఒక వాటా తీసిపెట్టి, మిగిలినదాన్ని వాడకాన్నిబట్టి పంచాలి. ఒకచోట కదలని పుస్తకాన్ని మరో శాఖకు పంపితే, పైసా ఖర్చు పెరగకుండానే దానికి పాఠకులు దొరకవచ్చు. సెస్సు కట్టే ప్రతి ఇంటికీ ఈ లెక్క అడిగే హక్కుంది. పద్దును గ్రంథాలయం గోడ మీద అంటించడం ఆ హక్కును గౌరవించడమే.